తానక్క, సాయలీ, దినకర్ తువ్వాలు

సాయలీ అనే పిల్ల పసుపు యార్డులో పదిమంది ముందు గుమాస్తా దినకర్‌ను తువ్వాలుతో చెంప మీద కొట్టిందనీ, అలా కొట్టమని నేర్పింది మా తానక్కేననీ వీధిలో చెప్పుకుంటున్నారు. చెప్పుకునేవాళ్ళలో సగం మంది ఆ రోజు యార్డు గేటు కూడా దాటలేదు. నేను దాటాను. ఇంట్లోకి ఏడాదికి సరిపడా పసుపు కొందామని వెళ్ళి, కొనడం మర్చిపోయి, వసంత శేట్ దుకాణం మెట్ల పక్కన రెండు గంటలు నిలబడిపోయాను. ఖాళీ సంచీతో తిరిగొచ్చినందుకు ఇంట్లో మాటలు కూడా పడ్డాను. కాబట్టి కొట్టలేదని చెప్పే హక్కు నాకుంది. ఇక తానక్క ఏం నేర్పింది, ఏం నేర్పలేదు అన్నది ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు. ముందు ఆమె ఎవరో చెప్పాలి.

తానూబాయి చౌగులే మా ఎదురింటి మనిషి. సాంగ్లీ పక్కన ఉన్న మా పింపళవాడి ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ తానక్కే. ఇరవై రెండేళ్ళకే భర్త పోయాడు. ఆయన యార్డులో బస్తాలు మోసేవాడు. దినవారాలు అయిన మూడో రోజున ఈమె చేట పట్టుకుని అదే యార్డుకి, రైతుల సరుకు అమ్మిపెట్టే వసంత శేట్ వాళ్ళ నాన్నగారి అడ్తి దుకాణానికి పసుపు ఏరడానికి వెళ్ళింది. ఇప్పుడు అరవై ఏళ్ళు. అరచేతుల గీతల్లో ఎక్కిన పసుపు ఏ సబ్బుకీ వదలదు. మా ఇళ్ళలో పేరంటానికి విధవరాలిని పిలవకూడదనే పెద్దవాళ్ళు కూడా ఆ చేతులు చూసి నోరు మూసుకునేవారు.

ఆమె పని ఏరడమే అయినా, పేరు మాత్రం విరవడంలో. పసుపు కొమ్మును రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి చెవి దగ్గర విరుస్తుంది. కంచు మోగినట్టు టంగుమంటే బాగా ఎండినట్టు. మెత్తగా వంగితే లోపల తేమ ఉన్నట్టు. విరిగిన చోట అంచు నుంచి నడిమి దాకా ఒకే రంగు ఉంటే ఉడుకు సరిగ్గా పడినట్టు. నడుమ పాలిపోయి ఉంటే రైతు తొందరపడి పొయ్యి మీంచి దించేసినట్టు, ఆ సరుకు పాతరలో పెడితే నాలుగు నెలల్లో పురుగు పడుతుంది. పైన ఎంత మెరుగు పట్టించినా ఆమె చెవిని మోసం చెయ్యలేరు. ఇదంతా నాకూ నేర్పింది. నేనూ ఒక సోలెడు కొమ్ములు విరిచాను. నాకు అన్నీ ఒకేలా మోగాయి.

ముప్పై ఏళ్ళుగా వసంత శేట్ దుకాణంలో సరుకు తేల్చేది తానక్కే. కానీ మొన్నమొన్నటిదాకా అది జరిగే తీరు వేరు. శేట్ తెల్ల పరుపు మీద కూర్చుంటాడు. తానక్క కింద మెట్టు మీద నిలబడుతుంది. కొమ్ము విరుస్తుంది. శేట్ పక్కకి ఒరిగి చెవి ఆమె నోటి దగ్గరికి తెస్తాడు. ఆమె రెండు మాటలు చెప్తుంది. ఆయన నిటారుగా లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, "ఉడుకు తక్కువ" అనో "మేలురకం" అనో ప్రకటిస్తాడు. కొత్తగా వచ్చిన వ్యాపారులు చూపంటే శేట్‌దేనని మెచ్చుకుంటారు. ఆమె చెవిలో చెప్పింది ఆయన నోట్లో ఒక్కోసారి కాస్త మారి బయటికొస్తుందని కూడా యార్డులో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. కాగితం మీద మాత్రం అప్పటికీ ఆమె "ఏరే ఆడమనిషే". ఎందుకిలా అని నేను ఎన్నోసార్లు అడగబోయాను. నా నోరు తెరుచుకోగానే, "నీ మోకాలు నొప్పి ఎలా ఉంది గోదూ?" అని అడిగేది. మోకాలు సంగతి మొదలెడితే నేను ఆగనని ఆమెకి బాగా తెలుసు.

ఇక తువ్వాలు సంగతి. మా యార్డు గేటు మీద బహిరంగ వేలం అని పెద్ద అక్షరాలతో బోర్డుంది. లోపల మాత్రం ధర పలికేది నోరు కాదు, వేళ్ళు. కొనేవాడూ అడ్తి గుమాస్తా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు, పైన తువ్వాలు కప్పుతారు, దాని కింద వేళ్ళు నొక్కుకుంటారు. ఒక్కో వేలుకీ ఒక్కో లెక్క. చుట్టూ నిలబడ్డవాళ్ళకి ధర తెలియదు. సరుకు తెచ్చిన రైతుకీ తెలియదు, చివర్లో చెప్పిందే వింటాడు. ఒకసారి వేళ్ళు వదిలి తువ్వాలు ఎత్తాక బేరం అయిపోయినట్టే. తాతల నాటి నుంచీ అంతే.

ఇప్పుడు చెప్పండి, తువ్వాలు కింద మగవాళ్ళ చెయ్యి పట్టుకోవాల్సిన చోటికి కొనడానికని ఒక ఆడపిల్ల వస్తే?

మాఘమాసం మొదట్లో సాయలీ వచ్చింది. రేకు పెట్టె, చుట్టచుట్టిన పరుపు, ఒక పుస్తకాల సంచీ. తానక్క మేడ గది అద్దెకి తీసుకుంది. రెండు రోజుల్లో నాకు కావాల్సినవన్నీ తెలుసుకున్నాను. పేరు సాయలీ మాళీ, వయసు ఇరవై మూడు, ఇచల్‌కరంజిలో తండ్రి మరమగ్గాల మీద పనిచేస్తాడు. వ్యవసాయం డిగ్రీ చదివింది. పుణెలో ఒక మసాలా కంపెనీ పసుపు కొనడానికి తీసుకుంది, అది కూడా ఆరు నెలలు పని చూశాకే ఖాయం చేస్తామని, అందులో నాలుగు నెలలు పుణెలోనే అయిపోయాయి. ఉగాది నాటి పాడ్వా పండుగలోపు కంపెనీకి కావాల్సిన సరుకు కొని పంపితే ఉద్యోగం ఖాయం. లేకపోతే పుణెలో డబ్బాలకి కాగితాలు అతికించే గదిలో కూర్చోబెడతారు. "యార్డులో ఆడపిల్ల ఏం నెగ్గుకొస్తుంది" అని మేనేజరు ముందే అన్నాడట. పట్టుబట్టి తనే అడిగి వచ్చింది.

యార్డులో ఆ పిల్లని ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. అదే చిక్కు. కుర్చీ వేశారు, ఫ్యాను తిప్పారు, అక్కా అన్నట్టు తాయీ తాయీ అని పిలిచారు. దినకర్ చెడ్డవాడు కాడు. నలభై అయిదేళ్ళవాడు, నలుగురినీ నవ్విస్తూ ఉంటాడు, నా మనవరాలి పెళ్ళిలో పొయ్యి దగ్గర చెమటలు కారేలా పనిచేశాడు. అతనే ముందుకొచ్చి, "మీ చెయ్యి ఎందుకు తాయీ, నా చెయ్యి లేదా? మీకు ఎంతకి కావాలో నాకు చెప్పండి, మీ తరఫున నేను పెడతాను. మీ గౌరవం కోసమే" అన్నాడు. ఆమె సరేనంది. అతను శేట్ మనిషి, ఎదుటి పక్క గుమాస్తా, మళ్ళీ ఈ పిల్ల తరఫున చెయ్యి కూడా అతనిదే. రెండు చేతులూ ఒకడివే అయినప్పుడు బేరం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మంచి రాశులన్నీ పాతకాపులకి పోయేవి. మిగిలింది ఆమెకి. నెల తిరిగేసరికి కొన్నది పదమూడు బస్తాలు.

పైగా మధ్యాహ్నం ఫ్లాస్కుతో టీ వస్తే అందరి చూపులూ ఆమె మీదికే పోయేవి. ఆమె లేచి పోసేది. వారం తిరిగేసరికి అది ఆమె పనే అయిపోయింది.

ఒక సాయంత్రం నేను గిన్నె తిరిగివ్వడానికి తానక్క ఇంటికి వెళ్ళాను. ఆ గిన్నె మా ఇంట్లో ఇరవై రోజులుగా ఉంది, కానీ ఆ రోజే ఇవ్వాలనిపించింది. పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. తానక్క జొన్నరొట్టెలు తడుతూ ఆమెతో మాట్లాడుతోంది.

"రేపటి నుంచి పొద్దున్నే కుర్చీలో కూర్చోకు. తిన్నగా రాశి దగ్గరికెళ్ళి రెండు చేతులూ మోచేతుల దాకా పసుపులో పెట్టు."

"ఎందుకక్కా?"

"పచ్చ చేతులతో ఉన్నదాన్ని ఎవడూ టీ పొయ్యమనడు. కప్పు పాడవుతుందని వాడికే భయం."

పిల్ల నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తానక్క రొట్టె తిప్పి, ఏడుపు వస్తే ఎక్కడ ఏడవాలో కూడా చెప్పింది. ఆఫీసు గదిలో ఏడిస్తే ఊరంతా తెలుస్తుందట. తూర్పార పట్టే చోటికి పోవాలట, అక్కడ దుమ్ముకి అందరి కళ్ళూ కారుతూనే ఉంటాయి, ఎవరిది ఏడుపో ఎవరిది దుమ్మో ఎవరికీ తెలియదు. "నేనూ అక్కడే ఏడ్చేదాన్ని" అంది మామూలుగా, ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు. ఇన్నేళ్ళలో ఆ మాట నేను వినలేదు.

ఇంకా చాలా చెప్పింది. ఏ రోజు ఎవరేమన్నారో ఆ రోజే రాసిపెట్టుకోమంది, పేరుతో సహా, ఎందుకంటే వారం తర్వాత అందరూ మర్చిపోతారు, నువ్వూ నీ మీద నువ్వే అనుమానపడతావు అంది. మధ్యాహ్నం డబ్బా ఆఫీసులో ఒంటరిగా తినొద్దు, ఏరే ఆడవాళ్ళ మధ్య కూర్చుని తినమంది. ఏ బస్తా ఏ పాతరలోంచి వచ్చిందో, ఎవడు తడి సరుకు కింద పెట్టి పొడి సరుకు పైన పోశాడో వాళ్ళకి తెలిసినంత శేట్‌కి కూడా తెలియదు. పాతర చూపిస్తానని ఎవరైనా పిలిస్తే ఒక్కతే వెళ్ళొద్దు, వెంట ఆ ఏరేవాళ్ళలో సుమన్‌నో ఇంకొకరినో తీసుకెళ్ళమంది. దినకర్ మీద కోపం పెంచుకోవద్దంది. "వాడు నిన్ను తొక్కుతున్నానని అనుకోవడం లేదు. నీకు సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. కోపంతో మాట్లాడితే వాడికి అర్థమే కాదు."

"అయితే ఎలా మాట్లాడాలి?"

"పని మాట్లాడు. రాశి పేరు, రైతు పేరు, నువ్వు చూసింది. నిలబడి చెప్పు. కూర్చుని చెప్పే మాట సగం మందికి చేరదు."

నేను ఊరుకోలేక, మరి తువ్వాలు సంగతేంటి అన్నాను. తానక్క రొట్టె పెనం మీంచి దించింది. తర్వాత చేతులు కడుక్కుని, చీర కొంగు తన చేతి మీదా పిల్ల చేతి మీదా కప్పింది.

అప్పటి నుంచి నెల రోజులు దీపాలు పెట్టే వేళకి అదే చదువు. ఒక వేలు నొక్కితే వంద, నాలుగు వేళ్ళూ కలిపి పట్టుకుంటే నాలుగొందలు, అరచేతిలో గీరితే యాభై, మణికట్టు పట్టుకుంటే వెయ్యి. తానక్క అమ్మేది, సాయలీ కొనేది, మధ్యలో రెండో వ్యాపారిగా నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. నాకు వేళ్ళు సరిగ్గా వంగవు. ఒకసారి ఏదో నొక్కితే, "గోదూ, నువ్వు ఇప్పుడు నా ఇల్లు అమ్మేశావు, రేపు పొద్దున్న ఖాళీ చెయ్యాలి" అంది తానక్క.

యార్డులో ఒక్కసారి కూడా తువ్వాలు కింద చెయ్యి పెట్టని మనిషికి ఇదంతా ఎలా వచ్చని పిల్ల అడిగింది. తువ్వాలు వేళ్ళని కప్పుతుంది గానీ మోచేతిని కప్పదు గదా అంది తానక్క. మెట్టు మీద నిలబడి ముప్పై ఏళ్ళుగా మగవాళ్ళ మోచేతులు చూస్తోంది. ఏ నరం ఎప్పుడు బిగుస్తుందో చూసి ధర చదివేస్తుంది. శేట్‌కి కూడా తెలియకముందే ఆమెకి తెలిసిపోయేది. ఎవరికీ చెప్పేది కాదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పుకారంతా దీని మీదే ఉంది. గొడవపడమని తానక్క ఏనాడూ చెప్పలేదు. నిజానికి పిల్లే ఒకరోజు, గేటు మీద బోర్డుంది కదా, నేను నోటితోనే ధర చెప్తే ఏమవుతుంది అని అడిగింది. తానక్క ఒప్పుకోలేదు. "బోర్డు గేటు దగ్గర ఉంది. గేటు దగ్గర ఎవరూ కొనరు. వాళ్ళ వేళ్ళు వాళ్ళకంటే బాగా నేర్చుకో. అప్పుడు వద్దనడానికి వాళ్ళకి సాకుండదు" అంది. నేనూ తల ఊపాను. మేమిద్దరం పొరపాటు పడ్డాం. పని బాగా వస్తే చాలు, చోటు ఇస్తారని ముసలివాళ్ళం అప్పటికింకా నమ్ముతున్నాం.

పాడ్వాకి ఎనిమిది రోజులుందనగా దుకాణానికి పుణె నుంచి సాయలీకి ఫోనొచ్చింది. ఈ వారంలో పెద్ద రాశి ఏదీ కొనకపోతే మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్యమన్నారు. ఆ మర్నాడే భీమా ఆణ్ణా అనే ముసలి రైతు నలభై బస్తాలు తెచ్చాడు. ఆయన పసుపు ఉడికిస్తే కన్నపిల్లకి పాలు కాచినంత జాగ్రత్త. సుమన్ ముందురోజే డబ్బా తింటూ ఆ సంగతి పిల్ల చెవిన వేసింది. సాయలీ పొద్దున్నే వెళ్ళి రాశిలో చేతులు పెట్టి, అడుగు నుంచీ పైనుంచీ తీసి, పాతిక కొమ్ములు విరిచి చూసుకుంది.

నేను మెట్ల దగ్గరికి చేరేసరికి బేరం మొదలవబోతోంది. దినకర్ తువ్వాలు భుజం మీంచి తీశాడు. పెద్ద వ్యాపారి పోపట్‌లాల్ చెయ్యి చాచబోతుంటే, సాయలీ ముందుకొచ్చి తన చెయ్యి తువ్వాలు కింద పెట్టింది. పచ్చటి చెయ్యి. దినకర్ వేళ్ళు పట్టుకుని రెండుసార్లు నొక్కింది కూడా, మణికట్టు పట్టబోయింది.

దినకర్ నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. తువ్వాలు జారి పసుపు రాశి మీద పడింది. తర్వాత దినకర్ తనకి అలవాటైన పద్ధతిలో నవ్వించబోయాడు. "తాయీ, ఇంట్లో నా భార్య ఉంది. చెయ్యి పట్టుకున్నారని తెలిస్తే నాకు రెండు పూటలా పస్తే" అన్నాడు. అందరూ నవ్వారు. పోపట్‌లాల్ మోకాలు చరుచుకుని మరీ నవ్వాడు. భీమా ఆణ్ణా ఒక్కడే నవ్వలేదు, ఆయన తన పసుపు మీద పడ్డ తువ్వాలు వైపు చూస్తున్నాడు.

పిల్ల ముఖం నేను చూశాను. చెవులు ఎర్రబడ్డాయి. నెల రోజులు నేర్చుకున్నదంతా అక్కడ రాశి మీద పడి ఉంది. తూర్పార పట్టే చోటికి పరుగెత్తుతుందనుకున్నాను. పరుగెత్తలేదు. వంగి తువ్వాలు తీసింది. పైకెత్తి రెండుసార్లు టపటపా దులిపింది. మడతపెట్టి పరుపు అంచున పెట్టింది. వెనక నిలబడ్డవాళ్ళకి కనపడింది ఆడపిల్ల చేతిలో పైకి లేచిన తువ్వాలు, వినపడింది టపటప శబ్దం. చెంపదెబ్బ అక్కడ పుట్టింది.

అప్పుడు నిలబడి, నోటితో చెప్పింది. "భీమా ఆణ్ణా రాశి. నలభై బస్తాలు. క్వింటాలుకి రెండువేల ఆరొందలు."

మా యార్డులో ధర పైకి వినపడటం నాకు తెలిసి అదే మొదటిసారి. ఎవరో బట్టలు విప్పేసినట్టు అందరూ కిందికి చూశారు. దినకర్ ముందు తేరుకున్నాడు.

"అలా చెప్పకూడదు తాయీ. అయినా సరుకు సంగతి తెలియకుండా ధర ఎలా చెప్తారు?"

"విరిచి చూశాను."

"విరిస్తే ఏం కనపడింది? మీ కాలేజీలో పుస్తకంలోని పసుపు విరిచారా?"

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల మధ్యే వసంత శేట్, రోజూ చేసేదే కాబట్టి పెద్దగా ఆలోచించకుండా, తానక్క వైపు ఒరిగి చెవి పెట్టాడు. తానక్క అప్పటికే కొమ్ము చేతిలోకి తీసుకుంది. విరిచింది. ఆ శబ్దం నాకు కూడా వినపడింది, అది మాత్రం నిజంగా కంచులా మోగింది. విరిగిన ముక్కలు రెండూ వెలుగుకి పట్టి చూసింది. శేట్ చెవి అక్కడే ఉంది. ఆమె వంగలేదు.

"ఉడుకు సరిగ్గా పడింది. అంచు నుంచి నడిమి దాకా ఒకే రంగు. తేమ లేదు. ఈ ఏడాది ఈ దుకాణానికొచ్చిన వాటిలో ఇదే మేలు." కొంచెం ఆగి మళ్ళీ అంది. "ఆ పిల్ల చెప్పిన ధర తక్కువ."

చివరి మాటకి సాయలీ చటుక్కున ఆమె వైపు తిరిగింది. సాయం చేస్తోందా, చెడగొడుతోందా అనుకున్నాను. కానీ సరుకు చూసి అబద్ధం చెప్పడం తానక్కకి రాదు, ఎవరి కోసమైనా సరే. సాయలీ ఒక్క క్షణంలో తేరుకుని "రెండువేల ఏడొందల యాభై" అంది. భీమా ఆణ్ణా తలపాగా సర్దుకుని, వ్యాపారుల వైపు తిరిగి, ఇంకెవరైనా నోటితో చెప్తారా అని అడిగాడు. తన సరుకు ధర తన చెవులతో వినడం ఆయనకి అదే మొదటిసారి, ముఖం చూస్తే తెలుస్తోంది. పోపట్‌లాల్ తువ్వాలు వైపు చూశాడు. తువ్వాలు మడతపెట్టి ఉంది. ఇంక చేసేది లేక అతనూ నోటితో రెండువేల ఎనిమిదొందలన్నాడు, సిగ్గుపడుతూ. సాయలీ ఇంకో యాభై పెంచింది. పోపట్‌లాల్ తల అడ్డంగా ఊపాడు. సరుకు సాయలీది.

ఆ తర్వాత శేట్ ఎనిమిది రోజులు తానక్కని పిలవలేదు. అరవలేదు, పొమ్మనలేదు, పిలవలేదు అంతే. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆమె పొద్దున్న పూట ఇంట్లో ఉంది. నాకు చావొచ్చింది. మా ఇంట్లో పప్పులన్నీ జల్లించేసింది, మా కోడలి మసాలా డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని ధనియాలు పాతవని చెప్పింది. బాధగా ఉందా అంటే మోకాలు ఎలా ఉందంది.

తొమ్మిదో రోజున భీమా ఆణ్ణా ఊరివాళ్ళు నాలుగు బళ్ళు తోలుకొచ్చి, విరిచే అక్క ఏది అని అడిగారట. ఆమె లేదని తెలిసి, అయితే బస్తాల మూతి విప్పేది లేదన్నారట. మధ్యాహ్నానికి వసంత శేట్ మా వీధిలోకి వచ్చాడు. తిన్నగా ఎదురింటికి వెళ్ళడానికి మొహం చెల్లక, మా ఆయన ఆరోగ్యం కనుక్కోవడానికన్నట్టు మా అరుగు మీద కూర్చున్నాడు. మా ఆయన ఎదురుగా దుక్కలా కూర్చుని రొట్టె తింటున్నాడు. కబురు నేనే మోశాను.

తానక్క వెంటనే కొంగు బిగించి లేచింది. అప్పుడు సాయలీ మెట్ల మీంచి, "అక్కా, ఊరికే వెళ్ళకు" అంది. "నువ్వే కదా చెప్పావు, రాసిపెట్టుకోమని. నీ పని పేరు రాయించుకుని వెళ్ళు."

"నాకెందుకే ఈ వయసులో?"

"నీ తర్వాత మెట్టు మీద నిలబడబోయే సుమన్ కోసం."

తానక్క మళ్ళీ కూర్చుంది. నేను అరుగుకీ ఎదురింటికీ నాలుగుసార్లు తిరిగాను. చివరికి శేట్ దుకాణం కాగితం మీద తానూబాయి చౌగులే, పసుపు పరీక్ష అని రాసి సంతకం పెట్టాడు. పరుపు మీద కూర్చోమని కూడా అన్నాడు. మోకాళ్ళు మడవలేనని ఆమె బోర్లించిన గంప మీద కూర్చుంటోంది. ఇప్పుడు ఆమె పైకే చెప్తుంది. ఆమె చెప్పాక శేట్ అదే మాట కాస్త పెద్ద గొంతుతో మళ్ళీ అంటాడు. అంటే అననీ.

యార్డంతా మారిపోయిందని చెప్పను. పదకొండు దుకాణాల్లో మూడింట్లో ధర నోటితో చెప్తున్నారు, మిగతా చోట్ల తువ్వాళ్ళు అలాగే ఉన్నాయి. సాయలీకి పాడ్వా ముందురోజు ఉద్యోగం ఖాయమైన ఉత్తరం వచ్చింది. తానిచ్చిన శిక్షణ ఫలించిందని మేనేజరు అందులో రాసుకున్నాడు. ఆ ముక్క చదివినప్పుడు పిల్ల ఎంత నవ్విందంటే నోట్లోని శ్రీఖండం మిఠాయి పొరబోయింది. ఇక దినకర్, ధర చెప్పండి తాయీ అని మామూలుగానే అడుగుతున్నాడు. చెంపదెబ్బ పుకారుని అతను ఖండించడు. ఎందుకని నేనే నిలదీశాను. "దెబ్బ తిన్నానంటే పాపం అంటారు పిన్నీ. ఆడపిల్ల చెయ్యి తగిలితే బెదిరి లాక్కున్నానంటే నా కొడుకులే నవ్వుతారు" అన్నాడు. పోనీలెమ్మని వదిలేశాను, కానీ తానక్క పేరు అందులోకి లాగితే ఊరుకోనని చెప్పాను. అందుకే ఇదంతా రాశాను.

ఒక్కటి మిగిలింది. మొన్న సోమవారం తానక్కా నేనూ మా వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. నోరు తెరవగానే ఆమె అలవాటుగా నా మోకాలు వైపు చూసింది. మోకాలు బాగానే ఉంది, నా మాటకి జవాబు చెప్పు అన్నాను. ముప్పై ఏళ్ళు శేట్ చెవిలో చెప్పిన మనిషివి, నీ మాట ఆయన మాటగా చెలామణి అవుతుంటే చూస్తూ ఊరుకున్నదానివి, ఆ రోజు మాత్రం, తిండి పోతుందని తెలిసి కూడా, అందరి ముందూ పైకి ఎందుకు చెప్పావు?

తానక్క చేతిలోని మిరపకాయ తొడిమ తీసింది. గింజలు దులిపింది.

"శేట్ చెవి ఎప్పుడూ నా నోటి పక్కనే ఉండేది గోదూ, చిన్నగా చెప్తే సరిపోయేది" అంది. "ఆ రోజు ఆ పిల్ల దూరంగా నిలబడి ఉంది. దానికి వినపడాలంటే గట్టిగా చెప్పాలి గదా."